కవికోకిల జాషువ : ఒక గాయపడిన బాల్యం

ఉదయగిరి కొండ మీద, ఆ కోట మీద మన ప్రాంతపు కళాశాల సంచికల్లో వ్యాసాలకు కొదవ లేదు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఆ దుర్గాన్ని గజపతుల చేతినుంచి లాక్కొన్న వైనమూ, అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తరలించుకుపోయిన వైనమూ మనకు కంఠోపాఠం. ఈసారి కోటా పేటా లేని ఒక మనిషి కథ చెప్పుకొందాం. బడిలో తోటి పిలకాయల చేత వెక్కిరింపులు పడి, సభలో పెద్దల చేత మాటలు పడి, ఆఖరికి సొంత మతసంఘం చేత కూడా వెలి పడి, అయినా చితికిపోకుండా నిలబడిన గుఱ్ఱం జాషువగారి కథ ఇది.

జాషువ ఎవరో మాకు తెలియదు అనేవాళ్ళు కూడా మన ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో ఆయన పద్యం వినే ఉంటారు. తిరునాళ్ళకో, కొలుపులకో ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం ఆడిస్తారు గదా! ఏ తెల్లవారుజామునో కాటిసీను వస్తుంది. అప్పటిదాకా దుప్పటి ముసుగేసి కునికిపాట్లు పడుతున్న ముసలివాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. హార్మోనియం అందుకొంటుంది. భుజాన కర్ర వేసుకొన్న హరిశ్చంద్రుడు శ్మశానాన్ని కలయజూస్తూ పద్యం ఎత్తుకొంటే వన్స్‌మోర్ అనే కేకలు లేస్తాయి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారిది. కాని అక్కడ జనం మళ్ళీ మళ్ళీ పాడించుకొనే పద్యాలు జాషువగారి ఖండకావ్యంలోవి. నటులు తెచ్చి నాటకంలో కలుపుకొన్నారు. డి.వి. సుబ్బారావుగారి వంటి గాయక నటుల గొంతుల్లో అవి ఆంధ్రదేశమంతా తిరిగాయి. ఏ వీధిలో ఆయన కులంవాళ్ళను అరుగు ఎక్కనిచ్చేవారు కారో ఆ వీధివాళ్ళే ఆయన పద్యాన్ని రెండోసారి పాడమని అడిగి పాడించుకొన్నారు. ఆ పద్యం ఎవరిదో అడిగినవాళ్ళు మాత్రం తక్కువ.

మన ఉదయగిరి నుంచి ఉత్తరంగా కనిగిరి, పొదిలి, దర్శి దాటి పోతే వినుకొండ వస్తుంది. ఇప్పుడది పల్నాడు జిల్లాలో ఉంది. మన సీమలాగే మెట్టప్రాంతం. అక్కడ 1895 సెప్టెంబరు 28న జాషువ పుట్టారు. తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగ కులస్తురాలు. క్రైస్తవం పుచ్చుకొన్న కుటుంబం. రెండు కులాల కలయికలో పుట్టిన బిడ్డకు రెండు వైపుల నుంచి ఆదరణ దొరకాలి, న్యాయంగా. లోకం లెక్క వేరు. ఆ బిడ్డను అది తల్లి కులంతోనే గుర్తుపెట్టుకొంది. మతం మారితే అంటరానితనం పోతుందని ఆశపడ్డ ఎన్నో కుటుంబాలకు ఆ రోజుల్లో ఎదురైన అనుభవమే వీళ్ళకూ ఎదురైంది. గుడి మారింది గాని ఊరి చూపు మారలేదు.

ఇంట్లో ఉన్నన్నాళ్ళు పిల్లవాడికి లోటు తెలియలేదు. బడిలో చేరాక మొదలైంది కష్టం. కులం పేరు పెట్టి తోటిపిల్లలు గేలి చేసేవారు. అంతకన్నా ఘోరం, పంతుళ్ళు కూడా ఆ హేళనలో పాలు పంచుకొనేవారు. తోటివాళ్ళు ఏడిపిస్తే పంతులుగారితో చెప్పుకోవచ్చు. పంతులుగారే నవ్వితే ఎవరితో చెప్పుకోవాలి?

జాషువ ఊరుకొనేవాడు కాదు. తిరగబడేవాడు. తనను వెక్కిరించిన పెద్దకులాల పిల్లల్ని పట్టుకొని కొట్టేవాడు. ఈ ముక్క మన సన్మాన వ్యాసాల్లో సాధారణంగా కనిపించదు. మహాకవిని చిన్నప్పటి నుంచే సాధుమూర్తిగా చూపించాలనే తాపత్రయం మన పెద్దలకు. నాకది నచ్చదు. ఆ పిల్లవాడు పిడికిలి బిగించాడంటే అవతలివాళ్ళు అనే మాటలు అబద్ధమని అతనికి లోపల తెలుసునన్నమాట. అసలు ప్రమాదం ఆ ఎరుక పోయినప్పుడు వస్తుంది. ఎవరైనా మనల్ని పదిమందిలో చులకన చేస్తే మొదట కోపం వస్తుంది. కోపానికి దారి దొరక్కపోతే అది సిగ్గుగా మారుతుంది. సిగ్గు ముదిరితే, వాళ్ళు అన్నది నిజమేనేమో, నేను ఇంతేనేమో అనే అనుమానం పట్టుకొంటుంది. హాస్టలు గదిలో రాత్రిపూట గోడవైపు తిరిగి పడుకొనే పిల్లవాడి సంగతి ఇదే. నాలుగు రోజులు చూసి, ట్రంకు పెట్టె సర్దుకొని, ఒంట్లో బాగాలేదని చెప్పి ఊరికి బస్సెక్కేస్తాడు. ఆ తర్వాత ఎవరూ అతన్ని గురించి అడగరు.

అయితే పిడికిలితో ఎంతకాలం నెట్టుకురాగలడు ఎవరైనా? ఒకణ్ణి కొడితే రేపు పదిమంది వస్తారు. జాషువను నిలబెట్టినవి వేరే ఉన్నాయి. ఆయనకు చిన్నప్పటి నుంచీ బొమ్మలు గీయడం వచ్చు, పాటలు పాడటం వచ్చు. మనసుకు దెబ్బ తగిలినప్పుడు చేతికి ఒక పని ఉండటం ఎంత మేలో దెబ్బలు తిన్నవారికి తెలుస్తుంది. బొమ్మ బాగుందా లేదా అన్నది బొమ్మను చూస్తే తెలిసిపోతుంది, గీసినవాడి కులం అడగక్కర లేదు. బహుశా ఆ పిల్లవాడు మొట్టమొదట న్యాయం చూసింది ఆ కాగితం మీదేనేమో.

రెండోది స్నేహం. దీపాల పిచ్చయ్యశాస్త్రి అనే బ్రాహ్మణ బాలుడు ఆయనకు చిన్ననాటి చెలికాడు. ఊరంతా దూరం పెట్టిన పిల్లవాడి పక్కన కూర్చొని పద్యాలు చెప్పుకోవడమంటే ఆ కాలంలో మాటలు కాదు. జాషువకు కవిత్వం మీద మోజు పుట్టింది ఈ సాహచర్యంలోనే. తిరుపతి వేంకటకవుల వైభవం వెలుగుతున్న రోజులవి. కాస్త పద్యం అల్లగలిగిన ప్రతి ఇద్దరు స్నేహితులకూ జంటకవులు కావాలని ఉబలాటం. వీళ్ళిద్దరికీ ఆ కోరిక కలిగింది. పేర్లు కలిపి చూసుకొన్నారు. ఒక వరస పెడితే పిచ్చి జాషువ అవుతుంది, రెండో వరస పెడితే జాషువకు పిచ్చి అని అర్థం వస్తుంది. ఇద్దరూ కడుపారా నవ్వుకొని ఆ ప్రయత్నం మానుకొన్నారని చెప్పుకొంటారు. చిన్న ముచ్చటే. కాని ఒక్కసారి ఆలోచించండి. పేరు చెబితే చాలు వెక్కిరింత వినవలసి వచ్చిన కుర్రవాడు, తన పేరు మీదే ఒక మిత్రుడితో కలిసి హాయిగా నవ్వుకోగలిగాడు. అదే నవ్వు బడిలో ముల్లులా గుచ్చుకొంది, ఇక్కడ మందులా పనిచేసింది. ఈ పిచ్చయ్యశాస్త్రిగారే తర్వాతి కాలంలో మన నెల్లూరు చేరి, చాటుపద్య రత్నాకరం కూర్చి పండితుడిగా పేరు తెచ్చుకొన్నారు. నెల్లూరివాళ్ళం గనుక ఈ స్నేహం గురించి మనం కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు.

మూడోది గురువు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు జాషువకు సంస్కృతం చెప్పారు. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం ఆయన దగ్గర చదువుకొన్నారు. దళిత యువకుణ్ణి ఎదుట కూర్చోబెట్టుకొని కాళిదాసు పాఠం చెప్పిన పండితుడు ఆ రోజుల్లో ఎన్ని మాటలు పడి ఉంటాడో మనం ఊహించుకోగలం. పెద్ద సభ పెట్టి సంస్కరణోపన్యాసాలు ఇవ్వడం ఆయన చేయలేదు, పాఠం చెప్పాడంతే. ఆ మేఘసందేశం తర్వాత ఏ రూపెత్తిందో ముందు చూస్తారు.

బతుకు మాత్రం తేలిగ్గా సాగలేదు. 1910లో, పదిహేనేళ్ళ వయసులో, మేరీ అనే అమ్మాయితో పెళ్ళి జరిగింది. మిషను బడిలో ఉద్యోగం, నెలకు మూడు రూపాయల జీతం. అదీ నిలవలేదు. పొట్ట చేత పట్టుకొని రాజమండ్రి వెళ్ళారు. 1915-16 ప్రాంతంలో అక్కడ సినిమా వాచకుడుగా చేరారు. ఇప్పటి విద్యార్థులకు ఈ ఉద్యోగం పేరే తెలియదు. అప్పటికి సినిమాకు మాట రాలేదు. తెరమీద బొమ్మలు కదులుతూంటే పక్కన ఒక మనిషి నిలబడి కథ చెబుతూ, పాత్రల మాటలన్నీ తానే పలుకుతూ పోవాలి. రాజుగా గర్జించాలి, రాణిగా ఏడవాలి, హాస్యగాడుగా నవ్వించాలి. హాలంతా చీకటి. చీకట్లో ఆ గొంతు వింటున్నవాళ్ళు అది ఏ కులం గొంతు అని విచారించరు. జాషువగారి పద్యం చదువుతుంటే చెవికి నేరుగా తగిలే ఆ ధార, ఆ నాటకీయత ఈ ఉద్యోగంలోనే కొంత పదునెక్కాయని నేననుకొంటాను. మూడు రూపాయల పంతులుగిరీ పోవడం ఒక రకంగా మంచికే జరిగిందేమో.

తర్వాత గుంటూరు చేరి లూథరన్ చర్చివారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పనిచేశారు. 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పారు. ఉభయభాషా ప్రవీణులయ్యారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధప్రచారకుడుగా, 1957-59లో మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా కూడా చేశారు. ఒకచోట కుదురుగా ఉండనిచ్చిన బతుకు కాదది.

అవమానాలు బడితో ఆగాయా అంటే ఆగలేదు. సొంత ఊరు వినుకొండలో ఒక అవధాన సభ జరిగింది. జాషువ లేచి పద్యాలు చదివారు. పద్యాల్లో తప్పు పట్టుకోలేనివారు మనిషిలో తప్పు వెతికారు. ఈ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని గొడవ చేశారు. పద్యం బాగాలేదు అంటే రాత్రంతా కూర్చొని దిద్దుకోవచ్చు, పుట్టుకను దిద్దుకొనేదెలా? చిన్నప్పుడు బడిలో ఉన్నది పది మంది పిల్లలు. ఇక్కడ ఊరి పెద్దలంతా ఉన్నారు. పాత గాయం మీదే మళ్ళీ దెబ్బ పడటమంటే ఇదే.

ఇంకోవైపు నుంచి ఇంకో దెబ్బ. హిందూ దేవతల మీద, పురాణాల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘం ఆయన్ను బహిష్కరించింది. 1919లోనే ఆయన రుక్మిణీ కళ్యాణం అనే నాటకం రాశారు. వాళ్ళ దృష్టికి ఇది మతద్రోహంగా కనిపించింది. వీళ్ళేమో తాకకూడదన్నారు, వాళ్ళేమో చేరకూడదన్నారు. ఆ వెలివేసిన సంఘంలోనే పుట్టిన కవి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకొన్నది క్రీస్తు చరిత్ర అనే కావ్యానికి! తన మీద ఆ సంఘానికి ఎంత కోపమున్నా క్రీస్తు మీద తన ప్రేమకు దానితో నిమిత్తం లేదనుకొన్నారు గావును.

ఇటువంటి స్థితిలో ఉన్న మనిషి రెండే పనులు చేస్తాడని మనం అనుకొంటాం. నోరు మూసుకొని కుమిలిపోవడం, లేకపోతే అందరినీ తిట్టడం. జాషువ చేసింది ఇంకొకటి. తన బాధను ఇంకొకరి కథలో పెట్టి చూసుకొన్నారు. 1932లో ఫిరదౌసి కావ్యం వచ్చింది. పారశీక మహాకవి ఫిరదౌసి షానామా రచిస్తే పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇవ్వడం, ఏళ్ళ తరబడి కష్టపడి కావ్యం పూర్తి చేశాక వెండి చేతిలో పెట్టడం, ముసలితనంలో ఆ కవి గుండె పగలడం ఆ కథ. గజనీ ఎక్కడ, వినుకొండ ఎక్కడ! అయినా సభలో మాట పడినవాడి బాధ సభలో మాట పడినవాడికి తెలుస్తుంది. తనలాంటివాడు తొమ్మిది వందల ఏళ్ళ కిందట, వేల మైళ్ళ అవతల ఒకడున్నాడని తెలియడం కూడా ఒక తోడే. గ్రంథాలయాలు మనిషికి ఇచ్చే మేలు ఇదే అనుకొంటాను. ఈ సంగతి సిలబసులో రాయరు.

ఇక గబ్బిలం. 1941లో వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో విరహంతో ఉన్న యక్షుడు మబ్బు చేత ప్రియురాలికి కబురు పంపుతాడు. జాషువగారి కావ్యంలో తంజావూరు దగ్గర ఒక దళితుడు గబ్బిలం చేత కాశీలోని విశ్వనాథుడికి కబురు పంపుతాడు. ఆకలి, అంటరానితనం, తన జాతి పడుతున్న పాట్లు ఆ కబురులో ఉన్నాయి. గబ్బిలమే ఎందుకు? ఇంట్లోకి వస్తే అశుభమని మనవాళ్ళు చీపురు పుచ్చుకొని తరుముతారు. అయినా ఆ జీవికి గుడిలోకి అడ్డు లేదు, గర్భగుడి చూరుకు వేలాడుతుంది. మనిషికి లేని ప్రవేశం దానికుంది. పూజారి లేని సమయం చూసి దేవుడి చెవిలో నా మాట వెయ్యి అని అడుగుతాడు ఆ పేదవాడు. ఎంత చమత్కారం, ఎంత దిగులు! హనుమచ్ఛాస్త్రిగారు ఎప్పుడో చెప్పిన పాఠం ఇన్నేళ్ళకు ఇలా పండింది. ఆ పాఠం ఆ రోజు దొరక్కపోయి ఉంటే ఈ కావ్యం ఏ రూపంలో ఉండేదో, అసలు ఉండేదో లేదో.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. బాధను బయటికి చెప్పడానికి ఒక మార్గం, వినడానికి ఒక చెవి దొరికితే ఏమవుతుందో మన ప్రాంతం కళ్ళారా చూసింది. కలిగిరి దగ్గర దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిబడికి అక్షరాలు నేర్చుకొనేందుకు వచ్చిన ఆడవాళ్ళు, పాఠంలో సీతమ్మ కథ చదివి, సారా వల్ల ఇంట్లో పడుతున్న దెబ్బలు, తిట్లు తమ ఒక్కరి ఖర్మ కాదని తెలుసుకొన్నారు. అప్పటిదాకా ఎవరికి వారు సిగ్గుపడి దాచుకొన్న సంగతి అది. నలుగురూ కలిసి పైకి చెప్పుకొన్నాక సారా దుకాణం ముందుకు వెళ్ళి నిలబడ్డారు. రోశమ్మగారి పేరు దేశమంతా మోగింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ళకూ జాషువగారికీ పోలిక ఏందిలే అనవచ్చు ఎవరైనా. ఇద్దరి దగ్గరా ముందు పోయింది సిగ్గు.

జాషువగారికి వచ్చిన సన్మానాలకు లెక్క లేదు. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి అనే బిరుదులు, 1964లో శాసనమండలి సభ్యత్వం, 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కళాప్రపూర్ణ, అదే ఏడు పద్మభూషణ్. వీటన్నిటిలో ఆయన మనసుకు హత్తుకొన్నది వేరొకటి ఉంది. తిరుపతి వేంకటకవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు, తెలుగునాట అవధానానికి పెద్దదిక్కు అనిపించుకొన్న వృద్ధుడు, తన చేతులతో జాషువగారి కాలికి గండపెండేరం తొడిగారు. ఆ పాదం తాకడం తన భాగ్యంగా చెప్పుకొన్నారు. గండపెండేరం అంటే తెలిసినవాళ్ళకు తెలుసు, పండితకవి కాలికి తొడిగే అందె. తొడగాలంటే వంగాలి, పాదం పట్టుకోవాలి. తాకితే మైలపడతామని దూరం జరిగిన లోకంలో, ఆ లోకానికే చెందిన పెద్దమనిషి, పదిమంది చూస్తుండగా ఆ పాదాన్ని పట్టుకొన్నాడు. అవధాన సభలో జరిగిన అవమానానికి అవధాన చక్రవర్తి చేతుల మీదుగా జవాబు రావడం ఎవరు కూర్చిన పొందికో! పదిమందిలో జరిగిన అవమానానికి గదిలో చెప్పిన ఓదార్పు చాలదు. దానికి పదిమందిలోనే ఎవరో ఒకరు లేచి నిలబడాలి. మన దగ్గర ర్యాగింగు నిషేధ చట్టం 1997 నుంచీ ఉంది, 2009లో యు.జి.సి. నిబంధనలూ వచ్చాయి. ప్రతి కాలేజీలో బోర్డు కూడా ఉంటుంది. అవి ఉండవలసిందే. అయితే ఒక కొత్త పిల్లవాడి యాసనో, చొక్కానో, స్కాలర్‌షిప్పునో పట్టుకొని నలుగురు నవ్వుతున్నప్పుడు, అతని పక్కకు వచ్చి కూర్చొనే ఐదోవాడి పని బోర్డు చెయ్యలేదు. ఇప్పుడు ఆ నవ్వులు ఫోనుల్లోకి కూడా ఎక్కాయి, ఇంటికి పోయినా వెంట వస్తాయి.

ఇంత గౌరవం దక్కాక పాత గాయాలు మానిపోయాయా? పూర్తిగా మానలేదనే నా అభిప్రాయం. డెబ్బయ్యేళ్ళ వయసులో ఆయన తన జీవితాన్ని నా కథ అనే పేరుతో పద్యాల్లో రాసుకొన్నారు. చిన్ననాటి అవమానాలు అందులో పచ్చిగానే ఉన్నాయి. అన్నీ మరిచిపోయాను, అందరినీ క్షమించాను అని చెప్పే ధోరణి ఆయనది కాదు. మరిచిపోతే తప్ప కోలుకోలేదన్నట్టు కొందరు మాట్లాడుతారు. ఈయన మరిచిపోకుండానే పాఠాలు చెప్పారు, ఇల్లు నడిపారు, ముప్ఫైకి పైగా పుస్తకాలు రాశారు, స్నేహితులతో నవ్వారు. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఆయన కూతురు హేమలత 1960లో గోరాగారి కుమారుడు లవణాన్ని పెళ్ళాడింది. కులం లేని, మతం లేని ఇల్లు అది. భార్యాభర్తలిద్దరూ 1970లలో స్టువర్టుపురంలోనూ, మన జిల్లాలో బిట్రగుంట దగ్గరి కప్పరాళ్ళతిప్పలోనూ పనిచేశారు. తెల్లదొరల చట్టం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన కుటుంబాలు అక్కడివి. ఆ చట్టం 1952లో పోయినా ఆ పేరు పోలేదు. జాషువగారి కూతురు ఆ ఇళ్ళకు వెళ్ళి, ఆ తల్లుల పక్కన కూర్చొని, పిల్లల్ని బడికి పంపమని మాట్లాడేది.